తొట్లు నిండకముందు

రోజు 302

పొద్దున్న ఆరింటికి లేచి గోదాంలోని పదిహేడు వరుసలూ తిరిగాను. ప్రతి తొట్టిలో కర్ర దించి కొలిచాను. పదహారు వరుసలు పొడి. పదిహేడో వరుసలో, మొన్నటి గాలివానకు పైన రేకులు లేచిపోయిన చోట, తొమ్మిది తొట్లలో నాలుగేసి అంగుళాల నీరుంది. వాన నీరే. తెల్లకాగితం ముంచి చూస్తే రంగు మారలేదు. డ్రమ్ముల్లోని విషపు మడ్డి ఒక్క చుక్క తగిలినా ఆ కాగితం నీలంగా మారిపోతుంది.

కేంద్రానికి అంకెలు పంపాను. "అందాయి వరహాలమ్మ గారూ, మీ సేవకు ధన్యవాదాలు" అంది గొంతు. అది మనిషి గొంతు కాదు. వచ్చిన కొత్తలో ఆ సంగతి తెలియక "మీరు భోంచేశారా అండీ" అని అడిగాను. "ఆ వివరం నా పట్టికలో లేదు" అంది. అప్పటినుంచి అంకెలు మాత్రమే పంపుతున్నాను. మిగతావి ఈ పుస్తకంలో రాసుకుంటున్నాను.

వాన నీరే కదా, నష్టమేముందని నేనూ మొదట్లో అనుకున్నాను. ఒక్కో ప్యాలెట్ మీద నాలుగు డ్రమ్ములు ఉంటాయి. ప్యాలెట్ కింద అరడుగు లోతు తొట్టి ఉంటుంది. ఒక డ్రమ్ముకు చిల్లుపడి మొత్తం కారిపోయినా అందులో పట్టాలి, నేల మీద చుక్క పడకూడదు. ఖాళీగా ఉన్నంతసేపే అది తొట్టి. నాలుగంగుళాలు వాన నీరే తాగేస్తే ఇక మడ్డికి మిగిలేది రెండంగుళాలు.

చెంబుతో తోడుతూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి తొమ్మిదీ ఖాళీ అయ్యాయి. సాయంత్రం మళ్ళీ వాన మొదలైంది.

రోజు 304

వాన. తోడాను. మళ్ళీ నిండాయి.

నిచ్చెన వేసుకుని పైకెక్కి టార్పాలిన్ కట్టాను. దిగి వచ్చి చేతులు కడుక్కునే లోపే గాలి దాన్ని ఎత్తుకుపోయింది. లోయ మీదుగా పెద్ద పక్షిలా ఎగురుతూ వెళ్ళింది. అది కనబడకుండా పోయేదాకా చూస్తూ నిలబడ్డాను. చాలా రోజులకు ఇక్కడ ఏదో కదలడం చూశాను.

ఫోర్క్‌లిఫ్ట్ నడిస్తే ఆ తొమ్మిది ప్యాలెట్లనూ ఎత్తి పొడి వరుసలోకి మార్చేదాన్ని. దాని బ్యాటరీ 240వ రోజున చచ్చిపోయింది. ఒక్కో ప్యాలెట్ పది బస్తాల బియ్యం కన్నా బరువు. నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

రోజు 306

కాస్త తెరిపి ఇచ్చింది. అన్నం వండుకుని గోదాం గుమ్మంలో కూర్చుని తిన్నాను.

దిగువన, కొండ వాలులో, పదకొండు పొయ్యిల పొగ లేచింది. సముద్రం ఒడ్డును మింగేసినప్పుడు పైకి వచ్చేసిన వాళ్ళు. నేనూ అలాంటి ఊరిదాన్నే, కాకపోతే మా వాళ్ళు నాలుగు దిక్కులకూ చెదిరిపోయారు. వీళ్ళు కలిసే ఉన్నారు. గెడ్డ అనే చిన్న ఏటి పక్కన బట్టలారేస్తారు. ఎవరివో రెండు పచ్చ చీరలున్నాయి. ఇంత దూరం నుంచి మొహాలు కనబడవు.

గోదాం కాపలా మనిషి దిగువ జనంతో మాట్లాడరాదని నియమం. ఏ నదిలోంచో, ఏ చెరువులోంచో యంత్రాలు పిండి తీసిన విషమంతా మడ్డి చేసి తమ నెత్తిన పెడితే ఎవరు ఊరుకుంటారు? మాటా మాటా పెరుగుతుందని కేంద్రం భయం. నేను నియమం తప్పలేదు. తప్పకుండా 360 రోజులు పూర్తిచేస్తే, ఎత్తు నేలల మీద గదులు కేటాయించే మెరక జాబితాలో నా పేరు పైకి వస్తుంది. మెరక మీద ఒక గది, పక్కన ఇరుగుపొరుగు. నా ఆశ అదే. 180వ రోజున రావలసిన బదులు మనిషి రాలేదు, అయినా నేను దిగిపోలేదు. ఇంకా యాభై నాలుగు రోజులు.

రోజు 309

కాగితం నీలమైంది.

మూడో తొట్టి. ముంచగానే అంచు నుంచి పైకి పాకింది. అంతకుముందే వాసన వచ్చింది, కుళ్ళిన జీడిమామిడి పళ్ళ వాసన. పడుకుని టార్చి వేసి ప్యాలెట్ కిందకు చూశాను. తొట్టి అంచుదాకా నీళ్ళు నిలిచి డ్రమ్ము అడుగులు నానుతున్నాయి. పాత సరుకు, పల్చటి రేకు. తుప్పు పట్టి పెళ్ళలు ఊడుతోంది. ఒక డ్రమ్ము అడుగున చెమట పట్టినట్టు మడ్డి ఊరుతోంది.

చేతిపంపుతో ఆ డ్రమ్ములో ఉన్నదంతా ఖాళీ డ్రమ్ములోకి తోడాను. మూడు గంటలు పట్టింది. ఖాళీ డ్రమ్ములు ఆరే ఉన్నాయి. ఇప్పుడు ఐదు.

రోజు 312

ఇంకో నాలుగు డ్రమ్ములు కారాయి. నాలుగూ తోడేశాను. ఖాళీది ఒక్కటే మిగిలింది. భుజం ఎత్తలేకపోతున్నాను.

"ఖాళీ డ్రమ్ములు కావాలి, ఒక మనిషి కూడా కావాలి" అని కేంద్రానికి చెప్పాను. "రహదారి తెరుచుకున్న తరువాత మరమ్మతు బృందం బయలుదేరుతుంది" అంది. ఎప్పుడని అడిగాను. ఆ వివరం పట్టికలో లేదు.

రోజు 314

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను.

తెల్లవారి ఏడింటికి వెనక గోడ మూల దిగబడింది. వానకు కింద మట్టి జారిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు, ముసలాయన మూలిగినట్టు ఒక్క మూలుగు. వెళ్ళి చూస్తే పదిహేడో వరుస చివర, నేల చుట్టూ కట్టిన సిమెంటు గట్టు రెండుగా చీలి ఉంది. తొట్టి పొంగినా లోపలే ఆపవలసిన గట్టు అది. నిన్నటి నుంచి తోడలేక వదిలేసిన రెండు తొట్లు పొంగిపోర్లి, ఆ నీళ్ళు నేల మీద పల్చగా పరుచుకుని చీలికలోంచి బయటికి పోతున్నాయి.

ఊక బస్తాలు ఈడ్చుకొచ్చి చీలికకు అడ్డం పడేశాను. పార తీసుకుని బయటికి పరుగెత్తి మట్టి కట్ట వేశాను. చేతి తొడుగులు ఎక్కడో జారిపోయాయి. ఒక గంటకు ధార ఆగింది. పూర్తిగా కాదు, ఊక కింద నుంచి ఇంకా చెమ్మ దిగుతూనే ఉంది. అప్పటికే రెండు బిందెలకు తక్కువ కాకుండా గోడ వెనక వాగులోకి పోయి ఉంటుంది. ఆ వాగు గెడ్డలో కలుస్తుంది. పదకొండు పొయ్యిలకూ నీళ్ళు ఆ గెడ్డవే.

దిగువ వాళ్ళకు చెప్పనా అని కేంద్రాన్ని అడిగాను. "దిగువ వారికి తెలియజేయనక్కర లేదు. తెలియజేస్తే నియమం 9 ప్రకారం మెరక జాబితాలో మీ వరుస రద్దవుతుంది" అంది.

ఊక బస్తా మీద కూర్చున్నాను. నలభై ఆరు రోజులు. మరో నలభై ఆరు రోజులు నోరు మూసుకుంటే సరిపోతుంది. గెడ్డ పెద్దది, రెండు బిందెలు కలిసిపోతాయి, ఎవరికీ ఏమీ కాదు, ఇలా నాకు నేనే చెప్పుకున్నాను. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పొద్దు బారెడు ఎక్కింది. దిగువన పొయ్యిల పొగ లేచింది. పొయ్యి అంటించారంటే ఎసరు పెడతారు.

లేచి పరుగెత్తాను. అరగంట దిగుడు. మొదటి ఇంటి దగ్గర ఒక ముసలామె చేపల బుట్టలో కూరాకులు ఆరబెడుతోంది. నన్ను చూసి కొంగుతో ముక్కు మూసుకుంది.

"అక్కడే ఆగు. ఎవులు నువ్వు?"

"పైన గోదాం కాపలా మనిషినమ్మా. గెడ్డ నీళ్ళు తాగొద్దు. మడ్డి కలిసింది."

ఆమె చేతిలో బుట్ట కింద పెట్టింది. "ఎప్పుడి నుంచి?"

"పొద్దున్న ఏడింటి నుంచి."

ఆమె వెనక్కి తిరిగి "నీల్లు పారబొయ్యండ్రా! పొయ్యి మీదియి కూడా! పిల్లగుంటలకి పట్టకండి!" అని అరుచుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది. తలుపు తలుపు దగ్గరా నీళ్ళు మట్టిలో పోసిన చప్పుడు వినిపించింది. ఆమె పేరు నూకరత్నమని, ఆ ఊరికి ఆమె మాటే మాటని తరువాత తెలిసింది.

అందరూ బయటికి వచ్చారు. ఇరవై గజాల దూరంలో నిలబడ్డారు. తెల్లారుజామున పట్టిన నీళ్ళే చాలామంది తాగారట, ఏడింటి తరువాత తాగినవాళ్ళు లేరు. మేకలు మాత్రం తాగాయి.

నూకరత్నం తిరిగి వచ్చింది. "అక్కడ మనిసున్నాదని మాకెవులూ సెప్పనేదు. దీపం ఎలిగితే యంత్రవే అనుకున్నాం" అంది.

"నేను రోజూ మీ పొయ్యిలు లెక్కపెడతానమ్మా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆమె నన్ను వింతగా చూసింది.

రోజు 315

రెండు మేకలు చచ్చిపోయాయి.

ఇద్దరు మగవాళ్ళు గోదాం కాలబెడతామని కొండెక్కి వచ్చారు. కాలిస్తే ఆ పొగ మీ ఇళ్ళ మీదికే దిగుతుందని చెప్పాను. తిట్టారు, నేను పడ్డాను. తిట్టినంతసేపు తిట్టి, కారుతున్న చోటు ఒకసారి చూసి దిగిపోయారు. నీళ్ళకి వాళ్ళు ఇప్పుడు కొండకు అవతలి ఊటకు వెళుతున్నారు. పోయి రావడానికి పూట పడుతోంది.

చివరి ఖాళీ డ్రమ్ము నిండిపోయింది. ఆరు డ్రమ్ములు ఇంకా కారుతున్నాయి. తొట్లలో జాగా లేదు.

రోజు 316

పొద్దున్న ఒక పెద్దాయన ఒంటరిగా వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. పేరు పోలయ్య, నూకరత్నానికి అన్న.

"దెబ్బెక్కడో సూపించమ్మా" అన్నాడు.

ముక్కుకు తుండు కట్టుకుని లోపలికి వచ్చాడు. పదిహేడో వరుస దగ్గర గొంతుక్కూర్చుని, వేలు తగలనివ్వకుండా, డ్రమ్ము అడుగులన్నీ చూశాడు. గోడ చీలిక చూశాడు. నేల ఎటు వాలిందో చూడ్డానికి ఒక గులకరాయి దొర్లించాడు. నలభై ఏళ్ళు పడవల అడుగులు చూసిన మనిషి.

"ఇయన్నీ ఖాలీ చేస్తే పట్టడానికి నీకాడ ఏటీ నేదా?"

"లేదు బాబాయ్. ఆరు డ్రమ్ములుండేవి, నిండిపోయాయి."

"ఎంతుంటాది మొత్తం?"

"పన్నెండు వందల లీటర్లు. ఇంకా కారేవి ఉండొచ్చు."

ఆయన డ్రమ్ముల వైపు మళ్ళీ చూశాడు. "ఫైబరు పడవని ఇది తింటాదా?"

నాకు తెలియదన్నాను. ఆయన కిందికి వెళ్ళి, మధ్యాహ్నానికి విరిగిన పడవ ముక్క ఒకటి పట్టుకుని మళ్ళీ ఎక్కి వచ్చాడు. చెంబెడు మడ్డిలో దాన్ని వేసి, రాయి మీద పెట్టి, రేపు చూద్దామన్నాడు.

వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి "ఒక్కద్దానివే ఉంటన్నావా ఇక్కడ?" అని అడిగాడు. అవునన్నాను. "సముద్రం మీద కూడా ఇద్దరం ఎల్లేవోలం" అన్నాడు.

రోజు 317

పడవ ముక్క మెత్తబడలేదు. రంగు మాత్రం దిగింది. గోటితో గీకి చూశాడు, మళ్ళీ గీకాడు. "ఆగుతాది" అన్నాడు.

రాత్రంతా కారిన దానికి మట్టి కట్ట తడిసి మెత్తబడుతోంది. ఉన్న ఊకంతా పోసేశాను. నా పరుపులోని దూది కూడా కుక్కాను.

రోజు 318

కేక ముందు వినిపించింది. "ఐలెస్సా" అని ఒక గొంతు, వెనక పదిహేను గొంతులు. పరుగెత్తి చూస్తే పడవ కొండెక్కుతోంది. నీలం రంగు, పక్కన కళ్ళు గీసిన పడవ. మనుషులు దానికింద నలిగిపోతూ మెల్లగా ఎక్కిస్తున్నారు. ఆడవాళ్ళు వెనక నుంచి తాళ్ళు పట్టారు. వాళ్ళలో పచ్చ చీర ఆమె ఉంది. నేను అనుకున్నంత చిన్నది కాదు, నా వయసే.

గోడ చీలిక బయట, నేల వాలిన వైపు, మట్టి చదును చేసి పడవను దించారు. ఎండు ఆకులు పడకుండా, వాన పడకుండా మీద తెరచాప గుడ్డ కట్టారు. గోదాం లోపలికి మాత్రం ఎవరూ రాలేదు. పోలయ్య ఒక్కడే వచ్చాడు. నా దగ్గర మిగిలిన ఒక్క తొడుగుల జత ఆయనకిచ్చాను. వద్దన్నాడు. "నేను రోజూ తాకేదే బాబాయ్" అని అబద్ధమాడాను.

పంపు నేను కొట్టాను, గొట్టం ఆయన పట్టుకున్నాడు. నేను అలిసిపోతే ఆయన కొట్టాడు. ఒక డ్రమ్ము, రెండు, మూడు. పడవలో మడ్డి నల్లగా, నూనెలా, మెల్లగా పైకి వచ్చింది. అతుకుల దగ్గర ఎక్కడైనా చెమ్మ కనబడుతుందేమోనని అందరం చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని చూశాం.

చెమ్మ కనబడలేదు.

సాయంత్రానికి నాలుగు డ్రమ్ములు ఖాళీ అయ్యాయి. వాళ్ళు దిగిపోతుంటే పోలయ్యను అడిగాను, ఇంత మంచి పడవ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారని.

"దాయనేదు. మా ఇంటికి కప్పదే" అన్నాడు.

"మరి వాన పడితే?"

"వానైతే ఆగిపోద్ది. ఇది ఆగదు కదా."

రోజు 319

రెండో పడవ వచ్చింది. నూకరత్నం ఇంటిది. కారే డ్రమ్ముల్లో మిగిలినవి, ఆ తరువాత తొట్లు కూడా తోడేశాం. పదిహేడో వరుస తొట్లన్నీ ఖాళీ. కాగితం ముంచడానికి కూడా తడి లేదు. గోడ చీలికలో మట్టి, సున్నం, పాత వల ముక్కలు కలిపి కూరారు. పైన రేకుల చోట వల పరిచి దాని మీద తాటాకు కప్పారు.

నా అరచేతుల తోలు ఊడిపోతోంది. కొబ్బరినూనె రాసుకున్నాను.

పని అయ్యాక అందరూ దిగిపోయారు. ఎవరూ రమ్మనలేదు. ఎందుకంటారు? వాళ్ళ మేకల్ని చంపిన సరుకుకు కాపలాదాన్ని. గోదాం మునుపటికన్నా నిశ్శబ్దంగా ఉంది.

రోజు 321

కేంద్రం పిలిచింది. ఎవరు చెప్పారో, పైనుంచి ఎగిరే కన్ను చూసిందో. "నియమం 9 ఉల్లంఘన నిర్ధారణ అయింది. మెరక జాబితా నుంచి మీ పేరు తొలగించబడింది. బదులు ఉద్యోగి వచ్చేవరకు విధుల్లో కొనసాగగలరు. మీ సేవకు ధన్యవాదాలు."

"పదిహేడో వరుస పొడిగా ఉంది" అని చెప్పాను.

"అందింది" అంది.

పొద్దుటి గంజి చల్లారిపోయింది. అలాగే తాగాను. ఏడుపు రాలేదు. మెరక మీద గది ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ ఊహించుకుంటూ కిటికీ ఏ వైపు పెట్టాలో కూడా నిర్ణయించుకున్నాను. ఇక ఆ ఆలోచన మానుకోవాలి, అంతే.

మధ్యాహ్నం కాగితాల కట్ట తీసుకుని గెడ్డ దగ్గరికి వెళ్ళాను. పైన, మధ్యలో, ఊరి రేవులో, మూడు చోట్ల ముంచాను. మూడూ నీలం.

రోజు 323

పైన లేత నీలం. రేవులో నీలం.

రోజు 325

పైన తెలుపు. రేవులో నీలమో తెలుపో తేల్చుకోలేకపోయాను. నీలమనే రాశాను.

ఊట నుంచి బిందెలు మోసుకొస్తున్న ఆడవాళ్ళు నన్ను చూసి ఆగారు. తల అడ్డంగా ఊపాను. వెళ్ళిపోయారు.

రోజు 327

మూడు చోట్లా తెలుపు. తొందరపడి చెప్పకూడదు.

రోజు 328

తెలుపు.

రోజు 329

తెలుపు. బురద అడుగు నుంచి తీసిన నీళ్ళు కూడా తెలుపు.

రోజు 330

పొద్దున్నే కిందికి దిగాను. పోలయ్య ఇంటి మీద తాటాకులు కప్పి ఉన్నాయి. ఊరంతా రేవు దగ్గరికి వచ్చింది. మూడు రోజుల కాగితాలూ నూకరత్నం చేతిలో పెట్టాను. ఇప్పుడు తాగొచ్చని చెప్పాను.

ఆమె కాగితాలు తిరగేసి చూసింది. "తెల్లకాయితం తెల్లగా ఉన్నాది. దీన్నేటి నమ్ముతాం?" అంది.

అది నిజమే. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

ఆమె చెంబుతో గెడ్డ నీళ్ళు ముంచి నా ముందు పెట్టింది. "నువ్వు తాగు."

తాగాను. చెంబు మొత్తం తాగాను. రాతి రుచి, చల్లగా ఉన్నాయి. అందరూ నా గొంతు వైపే చూశారు.

"పొద్దోయేదాకా ఇక్కడే కూకో. సూద్దాం" అంది నూకరత్నం.

రేవు పక్కన చాప వేశారు. కూర్చున్నాను. నా చుట్టూ వాళ్ళూ కూర్చున్నారు. ఎవరి పని వాళ్ళు తెచ్చుకున్నారు. ఒకామె చింతపండు గింజలు తీసింది, ఒకతను తాడు పేనాడు. పోలయ్య నా అరచేతులు తిప్పి చూసి, ఆ రోజు నేనాడిన అబద్ధం తెలిసిపోయినట్టు తల ఊపి, పక్కన చతికిలబడ్డాడు. మధ్యాహ్నం అన్నాల వేళ ఒకామె కంచం తేబోతే నూకరత్నం ఆపింది. "వొద్దు. అన్నం ఎడితే, రేపు దేనికి పడిపోయిందో తెలవదు." ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. ఆకలి తెలియలేదు.

గంటకోసారి అడుగుతూనే ఉన్నారు.

"తల తిరుగుతోందా?"

"లేదమ్మా."

"కడుపులో ఏటన్నా?"

"లేదు."

"కళ్ళు మసకలేటి?"

"లేదు, బాగానే కనబడుతున్నారు."

పదకొండు నెలల్లో నా ఒంట్లో ఎలా ఉందని అడిగినవాళ్ళు లేరు. మొదట ఒక్క మాటలో జవాబు చెప్పాను. తరువాత తరువాత పెంచాను. చిన్నప్పుడు మా ఊళ్ళో నాకు తలనొప్పి వస్తే మా అమ్మ ఏం చేసేదో చెప్పాను. మా ఊరు ఎక్కడని అడిగారు. చెప్పాను. ఆ రేవు తనకు తెలుసని, ఒకసారి తుఫానులో అక్కడ పడవ కట్టామని పోలయ్య అన్నాడు. పచ్చ చీర ఆమె, పైడితల్లి, పడుకున్న పసిపిల్లను నా చాప మీదికి జరిపి తాను నీడలోకి వెళ్ళింది. ఆ పిల్ల నిద్రలో నా చీర అంచు పట్టుకుంది. నేను కదలలేదు.

నీడలు పొడుగయ్యాయి. పొద్దు అవతలి కొండ మీద కాసేపు ఆగి, కిందికి జారింది. నూకరత్నం మోకాళ్ళ మీద చేతులు వేసి లేచింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుంది.

"ఏటీ అవ్వనేదు గదా?" అంది.

ఏమీ కాలేదు. అందరూ లేవబోతున్నారు.

"ఇంకాసేపు చూడమ్మా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. తరువాత బిందె కింద పెట్టి, మళ్ళీ కూర్చుంది.